అతిథులకోసం కాస్త చెత్త

ఆ రోజు ఉదయానికి బైరాగి వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురి బడికి ఫారిన్ అతిథులు వచ్చారు. వాళ్ళు తొమ్మిదింటికి బైరాగి ఇంటి వెనకనున్న రేవు చూడడానికి వస్తారు. ఆలోగా రేవు ఊడ్చి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఒక పక్కగా నిలబడి, కూతురు వాళ్ళతో ఇంగ్లీషులో మాట్లాడుతుంటే కళ్ళారా చూడాలి. ఇందులో చిక్కు ఎక్కణ్ణించి వస్తుందో ఎవరికీ తట్టదు. బైరాగికి అసలే తట్టలేదు.

బైరాగి కలకత్తా కార్పొరేషన్‌లో ఊడ్చే గుంపుకు సర్దారు, అంటే మేస్త్రీ. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డునుంచి వచ్చి హౌరాలో దిగి, ఓడలాగే డాకుల్లో కూలికి కుదిరాడు. మనవడి కాలానికి చేతిలోకి చీపురు వచ్చింది. వాట్‌గంజ్‌లో వాళ్ళుండే వరసలో అన్నీ తెలుగు ఇళ్ళే, సగానికి సగం చీపురు పట్టే ఇళ్ళే. ఆ వరసకు ఒక నియమం ఉంది. వచ్చేది మంత్రి అయినా, మగపెళ్ళివారైనా, ముందు చీపురు పడాలి, తర్వాత నీళ్ళు పడాలి, ఆపైన దారికి రెండు పక్కలా బ్లీచింగ్ పౌడరు గీత గీసినట్టు పడాలి. ఆ గీత వంకర పోయిందంటే బైరాగికి ఆ పూట అన్నం సయించదు.

కూతురు పుష్పరాణి తొమ్మిదో తరగతి. ఆ పిల్ల చదివే బడికీ, సముద్రం ఒడ్డునున్న ఒక విదేశపు బడికీ ఆ ఏడాది ఒప్పందం కుదిరింది. రెండు బళ్ళ పిల్లలూ కలిసి తీరం ఎలా పాడవుతోందో చూసి నేర్చుకోవాలి. ముందు వాళ్ళు ఇక్కడికి వస్తారు, దుర్గాపూజ సెలవులయ్యాక ఇక్కడినుంచి నలుగురు అక్కడికి వెళ్తారు. కలకత్తాలో సముద్రం లేదు గాని, గంగలో పడ్డది ఏదైనా చివరికి చేరేది సముద్రానికే గనక, రేవులో పరిశీలన పెట్టుకున్నారు. మా ఇంటి వెనకే రేవుంది మిస్ అని పుష్పరాణి చెయ్యెత్తింది. అరుంధతి మిస్ ఆ పిల్లనే నాయకురాలిని చేసి, "ఇది సక్రమంగా జరిపించావంటే ఆ నలుగురిలో నీ పేరే మొదట రాస్తాను" అంది. ఆనాటినుంచి పుష్పరాణి నిద్దట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడుతోంది. ఆ ఇంట్లో విమానం ఎక్కినవాళ్ళు ఇంతవరకు ఎవరూ లేరు. కూతురు దేశం దాటుతుందన్న మాట తలుచుకుంటే బైరాగికి గుండె పొంగేది, వెంటనే భయమేసేది, మళ్ళీ పొంగేది.

ఏ దేశం వాళ్ళు, రేవులో ఏం చూస్తారు అని మాత్రం అతను అడగలేదు. ఫారిన్ అంటే ఫారిన్. ఓడల్లోంచి దిగే ఎర్రటి పొడుగాటి మనుషుల్ని అతను డాకుల దగ్గర చాలామందినే చూశాడు.

తెల్లవారేసరికి గుంపంతా రేవులో దిగింది. ఆడా మగా కలిసి మెట్లు ఊడ్చారు, గీకారు, కడిగారు. ఊపులో ఉన్నారు గనక రేవు దారీ, పక్క సందులూ కూడా ఊడ్చేశారు. బైరాగి కుడిచేతి మనిషి వెంకటరత్నం ఆ చెత్తంతా లారీకెత్తించి పంపేశాడు. కింది మెట్లమీద ఎవరో మేకులు కొట్టి, తాళ్ళతో నలుపలకలుగా గళ్ళు కట్టి ఉంచారు. అవి ముగ్గులకోసమే అయ్యుంటాయని బైరాగి భార్య అప్పాయమ్మ ఒక్కో గడిలో ఒక్కో ముగ్గు పెట్టింది. చివరికి బ్లీచింగ్ గీత పడింది. బాణంలా పడింది.

ఏడున్నరకు యూనిఫారం వేసుకుని పుష్పరాణి వచ్చింది. మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది.

"ఎలగుంది?" అన్నాడు బైరాగి, మెచ్చుకోలుకు సిద్ధంగా నిలబడి.

"సొర్బోనాశ్!" అంది పుష్పరాణి. కొంప మునిగిందని చెప్పడానికి తెలుగు మాట తట్టనప్పుడు ఆ పిల్ల బెంగాలీలోకి జారిపోతుంది.

"ఏటే? గీత వొంకర పోనాదా?"

"చెత్తేది నాన్నా? నిన్న ఇక్కడున్న చెత్తంతా ఏది?"

"లారీ ఎక్కీసింది."

"ఆ చెత్త చూడ్డానికే కదా వాళ్ళు వస్తున్నారు!"

బైరాగి వెంకటరత్నం వైపు చూశాడు. వెంకటరత్నం తన చీపురు వైపు చూసుకున్నాడు. "సెత్త సూడ్డానికి ఇమానం ఎక్కి వొచ్చినారా? ఆళ్ళ దేశంలో నేదేటి?" అన్నాడు.

"లెక్కపెట్టడానికి, చిన్నాన్నా! ఈ తాళ్ళ లోపల ఎన్ని సీసాలున్నాయో, ఎన్ని పేకెట్లున్నాయో, అవి రాసుకోవాలి. అదే సర్వే. నిన్నంతా కూర్చుని నేనే కట్టాను ఆ తాళ్ళు. ఇప్పుడేం లెక్కపెట్టమంటావు? అమ్మ పెట్టిన ముగ్గులో చుక్కలా?"

ఆ మాటంటూ పుష్పరాణి కడిగిన మెట్టుమీద కూలబడి ఏడుపందుకుంది. గాజు గ్లాసు పగలగొట్టినా ఏడవని పిల్ల అది, తిట్టినా ఏడవదు. బైరాగి వెళ్ళి కూతురి పక్కన చతికిలబడ్డాడు.

"ఊరుకోయే అమ్మా. సెత్తే కదా. బంగారం కాదు కదా. కలకత్తాలో సెత్తకి కరువేటి?"

ఆ ఉదయం కరువే వచ్చింది. లారీ డ్రైవరుకు ఫోను చేస్తే ఎప్పుడో దిమ్మరించేసి టీ తాగుతున్నానన్నాడు. చుట్టుపక్కల సందుల్లో ఏరుకుందామంటే వాటిని ఊడ్చింది తమ గుంపే. ఇక మిగిలినవి ఇళ్ళు. రోజూ పొద్దున్నే చెత్తకోసం ఊదే ఈలను బైరాగి మళ్ళీ ఊదాడు. ఇందాకే బుట్టలు ఖాళీ చేసిన ఆడవాళ్ళు కిటికీల్లోంచి తొంగిచూసి లోపలికెళ్ళిపోయారు. అతను ఇంటింటికీ వెళ్ళి అడగవలసి వచ్చింది.

వరస మొదట్లో ఉండే నారాయణమ్మ నడుమున చేతులు పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. "ఏటి బైరాగీ, నిన్న చేతిలోంచి పేకెట్టు ఒకటి జారిపోనాదని వీధందరి ముందరా నన్ను కడిగీసినావు. ఈయాల గుమ్మంలోకొచ్చి సెత్త అడుగుతున్నావా? ఫైన్ ఎయ్యడానికేనా? మా ఇంట్లో సెత్త నేదు. ఎప్పుడూ నేదు."

తక్కిన ఇళ్ళదీ అదే మాట. ఇన్నేళ్ళుగా బైరాగి తిట్టిన తిట్లకు ఆ వరసలో చెత్త ఉందని ఒప్పుకునే ధైర్యం ఎవరికీ లేకుండా పోయింది. అప్పాయమ్మ వెళ్ళి నారాయణమ్మ చేతులు పట్టుకుంది. "వొదినా, పిల్ల సదువు. ఆ నలుగురిలో పేరు పోతాది" అంది. పిల్ల సంగతి అనగానే నారాయణమ్మ మెత్తబడింది. ఆమె లోపలికెళ్ళి, కొత్త బిస్కెట్ పేకెట్లు చించి, బిస్కెట్లు డబ్బాలో పోసి, కాగితాలు శుభ్రంగా తుడిచి తెచ్చిచ్చింది. అది చూసి మిగతావాళ్ళు కదిలారు. ఒకామె సగమున్న షాంపూ సీసా గిన్నెలోకి వంపి సీసా ఇచ్చింది. ఇంకొకామె సాయంగా ఉంటుందని ఉల్లిపాయలు ఒలిచి తొక్కలిచ్చింది. సరిపోదేమోనని వెంకటరత్నం సైకిలేసుకుని మెటియాబ్రుజ్ వెళ్ళి, తెలిసిన దర్జీ దుకాణంలోంచి రెండు బస్తాల కత్తిరింపు ముక్కలు పట్టుకొచ్చాడు. అన్నీ పిల్లల గౌన్ల తాలూకు గులాబీ రంగువీ, మెరుపువీ.

తెచ్చినదాన్ని చల్లడం మరో తలనొప్పి అయింది. బైరాగి సీసాలన్నీ ఒక గడిలో, కాగితాలన్నీ ఒక గడిలో పేర్చాడు.

"చెత్త అలా ఉండదు నాన్నా! ఎలా పడితే అలా పడెయ్యాలి."

"పడేత్తన్నాను కదే."

"పడేస్తూ సర్దేస్తున్నావు!"

వెంకటరత్నం కళ్ళు మూసుకుని ఒక కాగితం విసిరాడు. కళ్ళు తెరవగానే వంగి దాన్ని తీసేశాడు. మళ్ళీ విసిరాడు, మళ్ళీ తీశాడు. చేతులు మాట వినడం లేదని మొత్తుకున్నాడు. చివరికి ఊడ్చే అలవాటు లేని పుష్పరాణి ఒక్కతే నాలుగు గళ్ళూ పాడుచేసి, గండం గడిచిందనుకుని, అతిథులతో కలిసి రావడానికి బడికి పరుగెత్తింది.

స్నానానికీ ఇస్త్రీ చొక్కాకూ వేళ మించిపోయింది. బైరాగి డ్యూటీ కోటుతోనే, మెడలో ఈలతో, చేతిలో కర్రతో చెత్తకు కాపలా నిలబడ్డాడు. కాకి వచ్చింది, తోలాడు. కుక్క వచ్చింది, తోలాడు. ప్లాస్టిక్ ఏరుకునే వాళ్ళొస్తే ఏం చెయ్యాలా అని అతను ఆలోచిస్తూండగానే వాళ్ళు వచ్చారు.

పదిమందికి పైగా పిల్లలు. అందరూ నీలం బనీన్లు వేసుకున్నారు, చేతులకు తొడుగులు, భుజాన సంచులు. నల్లగా, ఉంగరాల జుట్టుతో, అచ్చం వాళ్ళ వరసలో పిల్లల్లాగే ఉన్నారు. వాళ్ళ వెనక ఒకావిడ, చీర కుచ్చెళ్ళు నడుం దగ్గర గౌను కుచ్చుల్లా వేలాడదీసుకుని కట్టుకుంది. రావడమే ఆలస్యం, పిల్లలు గళ్ళ చుట్టూ మూగి, గులాబీ రంగు ముక్కలు పట్టకార్లతో తీసి సంచుల్లో వేసుకోసాగారు.

బైరాగికి ప్రాణం పోయినంత పనైంది. "ఏయ్! హాత్ దియో నా!" అని బెంగాలీలో అరిచాడు. వాళ్ళు తలెత్తి నవ్వారు. "హాథ్ మత్ లగావ్!" అని హిందీలో అరిచాడు. మళ్ళీ నవ్వారు. "ముట్టుకోకండిరా, మీకు దణ్ణం పెడతాను! అది మా గుంట సదువుకోసం దాచిన సెత్త!" అని తెలుగులో మొరపెట్టుకున్నాడు. అదీ పనిచెయ్యకపోయేసరికి ఈల తీసి గట్టిగా ఊదాడు. పిల్లలందరూ ఠక్కున వరసగా నిలబడ్డారు. అతను ఒక్కొక్కరి సంచీ లాక్కుని, చెత్త మళ్ళీ గళ్ళలో గుమ్మరించి, కర్రతో దారి చూపిస్తూ వాళ్ళను వరస చివరనున్న క్లబ్బు గదిలోకి నడిపించాడు.

"మా సుట్టాలొచ్చి ఎళ్ళిపోయినదాకా ఇక్కడే కూకోండి. కదిలినారంటే మరి బాగుండదు" అన్నాడు. వాళ్ళు బుద్ధిగా కూర్చున్నారు.

అప్పాయమ్మ తొంగిచూసింది. "ఎవుల పిల్లలో పాపం. ఒడియా వోళ్ళేటి? మొకాలు పీక్కుపోయున్నాయి" అంది. గుంపు కోసం వండిన అన్నమూ, ఎండుచేపల పులుసూ ఆకుల్లో పెట్టింది. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకుని, కేకలేసి, అన్నంలో పులుసు కలుపుకుని చేత్తో ముద్దలు చేసి తినడం మొదలెట్టారు. ఆవిడ కూడా చేప రెండోసారి అడిగి వేయించుకుంది. ఆ తినడం చూసి బైరాగికి మిగిలిన కాస్త అనుమానమూ తీరిపోయింది. ఫారిన్ వాళ్ళకు ఎండుచేప ముల్లు తియ్యడం ఎక్కడ తెలుస్తుంది?

తొమ్మిది దాటి చాలాసేపైనా అతిథులు రాలేదు. చివరికి రేవు దారిలో అరుంధతి మిస్ పరుగెత్తుకుంటూ వచ్చింది. వెనక పుష్పరాణి, ఆ వెనక తరగతంతా. అతిథులు ముందు వ్యానులో, వీళ్ళు వెనక బస్సులో బయల్దేరారట. వ్యాను దాటగానే ఓడకోసం డాకు వంతెన తెరిచారట. బస్సు అవతలే ఆగిపోయింది.

"వ్యాను డ్రైవరు రేవు దారి మొదట్లోనే దింపానంటున్నాడు! ఇక్కడ ఎవరూ లేరు!" అరుంధతి మిస్ గంగ వైపు చూసి, చూపు తిప్పేసుకుంది. "ఆ మెట్లు తడిగా ఉన్నాయి. ఎవరి బిడ్డలో... నేను వాళ్ళ తల్లులకేం చెప్పను? పోలీసులకు ఫోను చేస్తున్నాను."

పుష్పరాణి ముఖం తెల్లకాగితంలా ఉంది. ఇప్పుడా పిల్లకు ఆ నలుగురిలో పేరు గుర్తులేదు, విమానం గుర్తులేదు.

బైరాగి మంచి మనిషి. ఎవరి పిల్లలు తప్పిపోయినా ఊరుకునేవాడు కాదు. ఈల ఊది గుంపును పిలిచాడు. "ఎంకటరత్నం, నువ్వు ఒడ్డంట పో. నువ్వు ఆ గోడౌను సందులో సూడు. అమ్మా పుష్పా, ఎలగుంటారో సెప్పు. బాగా ఎర్రగా, పొడుగ్గా ఉంటారేటి?"

"ఎర్రగా ఏటి నాన్నా! శ్రీలంక వాళ్ళు! మనలాగే ఉంటారు!"

బైరాగి చేతిలోంచి ఈల జారి మెడకు వేలాడింది. "మనలాగంటే... అచ్చం మనలాగేనా?"

"నీలం టీషర్టులు. చేతికి గ్లవ్సు. వాళ్ళ టీచరు సునేత్ర మేడమ్ కూడా ఉన్నారు."

"ఆ మేడమ్ కుచ్చెళ్ళు నడుం కాడ ఏలాడదీసి కట్టుకుంటాదా?"

"అవును!"

"ఎండుసేప రెండోసారి ఏయించుకుంటాదా?"

పుష్పరాణి తండ్రి వైపు ఒక్క క్షణం చూసి, ఏమీ అడక్కుండా అతను చూపించిన వైపు పరుగెత్తింది.

క్లబ్బు గదిలో ఆకులు తీసేశారు. పిల్లలు చేతులు కడుక్కుని చాపమీద వరసగా కూర్చుని, తర్వాతి ఈలకోసం ఎదురుచూస్తున్నారు. తలలు లెక్కపెట్టుకుని అరుంధతి మిస్ గోడకు జారబడి, ఏడుస్తూనే నవ్వింది. సునేత్ర మేడమ్ లేచి నిలబడి ఇంగ్లీషులో పుష్పరాణిని మెచ్చుకుంది. "ఏర్పాట్లు చాలా బాగున్నాయి. మీ భద్రతాధికారి కాస్త కఠినంగా ఉన్నా భోజనం అద్భుతం. వారం రోజులుగా మాకు రొట్టెముక్కలే పెడుతున్నారు."

అందరూ రేవుకు నడిచారు. పిల్లలు క్షేమంగా ఉన్నారు, ఎవరూ కోపంగా లేరు. ఇక లెక్క మొదలెట్టేస్తే సరి. బైరాగి కూతురి చెవిలో, "మరేటీ సెప్పకు, రాయించీ" అన్నాడు. కాని గళ్ళ దగ్గర అరుంధతి మిస్ వంగి, "గంగలోంచి ఇన్ని గౌను ముక్కలు ఎలా వచ్చాయి? ఒక్కటీ తడవలేదేం?" అంది.

పుష్పరాణి పెదవులు కొరుక్కుంది. ఇంత దూరం వచ్చినవాళ్ళచేత అబద్ధం లెక్కపెట్టించడానికి ఆ పిల్లకు మనసొప్పలేదు.

"మిస్, ఇది నిజం చెత్త కాదు. అసలు చెత్త పొద్దున్నే ఊడ్చేశారు. మళ్ళీ మేమే తెచ్చి చల్లాం. లెక్కపెట్టడానికి ఏమీ లేదు" అని మొత్తం చెప్పేసింది. మధ్యలో ఆపలేదు.

బైరాగి ముందుకొచ్చి, తనకొచ్చిన బెంగాలీలో అరుంధతి మిస్‌కు చేతులు జోడించాడు. "ఊడ్చింది నేను దిదీ. చల్లింది నేను. వాళ్ళను బంధించింది కూడా నేనే. తప్పంతా నాది, పిల్లది కాదు. దాని పేరు మాత్రం కొట్టెయ్యకండి."

ఏం జరుగుతోందని సునేత్ర మేడమ్ అడిగింది. పుష్పరాణి తల వంచుకుని ఇంగ్లీషులో మళ్ళీ చెప్పింది. మేడమ్ కనుబొమలు ముడిపడ్డాయి.

"పొద్దున్న ఈ మెట్లన్నీ పూర్తిగా శుభ్రం చేశారా? ఒక్క ముక్క లేకుండా?"

తిడుతోందనుకుని బైరాగి దోషిలా తలూపాడు.

"మా ఊళ్ళో మేం మొదట చేసే పని అదే!" అంది మేడమ్. "తీరమంతా ముందు శుభ్రం చేస్తాం. తర్వాత ఒక పోటు వచ్చి పోయేదాకా ఆగి, నీళ్ళు తెచ్చి వదిలిందే లెక్కపెడతాం. లేకపోతే ఏ చెత్త ఎప్పటిదో, ఎవరు పడేశారో ఎలా తెలుస్తుంది? ఇక్కడ ఇంత పెద్ద రేవు శుభ్రం చెయ్యమని అడగడానికి మొహమాటపడి, ఉన్నదే లెక్కపెడదామని సరిపెట్టుకున్నాం. మా పిల్లలకు రోజంతా పట్టే పని ఈయన తెల్లారేసరికి చేసేశారు. తర్వాత మళ్ళీ చెత్త ఎందుకు చల్లుకున్నారో మాత్రం నాకు బోధపడలేదు."

ఆ చివరి వాక్యాన్ని పుష్పరాణి తండ్రికి తెలుగులో చెప్పలేదు.

విషయం అర్థం కాగానే గుంపుకు గుంపూ మెట్లమీద పడింది. గౌను ముక్కలూ, ఉల్లితొక్కలూ, నారాయణమ్మ తుడిచిన కాగితాలూ చూస్తూండగానే మాయమైపోయాయి. వెంకటరత్నం ముఖంలో ఆ పొద్దున్న పోయిన కళ తిరిగొచ్చింది. ఆ తర్వాత ఊరివాళ్ళూ లంకవాళ్ళూ కలిసి పై మెట్లమీద కూర్చుని, మిగిలిన పులుసు అడుగంటా తింటూ, సముద్రపు పోటుకు గంగ పొంగడం చూశారు. నీళ్ళు మెట్టు మెట్టుగా ఎక్కి, గళ్ళు ముంచి, ముగ్గులు కడిగేసి, మధ్యాహ్నానికి మెల్లగా దిగిపోయాయి. దిగిపోతూ సీసాలు వదిలాయి, థర్మాకోల్ పళ్ళేలు వదిలాయి, జతలేని చెప్పులు, షాంపూ పేకెట్లు, గుర్రపుడెక్కలో చుట్టుకున్న సంచులు వదిలాయి. గళ్ళలో ఖాళీ లేదు. రెండు దేశాల పిల్లలూ పోటీలు పడి ఏరి, పేర్లు చెప్పి, రాసుకుని, ఎక్కడిదక్కడ పెట్టేశారు. పుష్పరాణి మధ్యలో నిలబడి అందరికీ పనులు పంచింది. ఇంగ్లీషు ఒక్కచోట కూడా తడబడలేదు.

సాయంత్రం బస్సెక్కబోతూ అరుంధతి మిస్ వెనక్కి తిరిగింది. "పుష్పరాణికి పాస్‌పోర్టు పని రేపే మొదలుపెట్టండి. మొదటి పేరు తనదే" అంది. బైరాగికి పోయిన ప్రాణం లేచొచ్చింది. అప్పాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. చెమటా మట్టీ పట్టిన డ్యూటీ కోటుతోనే బైరాగి కూతురి తల నిమిరాడు. ఆ పిల్ల అతని చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

సునేత్ర మేడమ్ ఒక్క కోరిక కోరింది. రాత్రి పోటు వీటిలో వేటిని పట్టుకుపోతుందో, కొత్తగా వేటిని తెస్తుందో కూడా చూడాలి గనక, రేపు పొద్దున్న తాము వచ్చేదాకా ఈ మెట్లమీద ఒక్క ముక్క కూడా ఎవరూ కదల్చకూడదు.

బస్సు వెళ్ళిపోయింది. వెంకటరత్నం రెండడుగులు వేసి ఒక సీసా వైపు వంగాడు.

"ముట్టుకోకు!" అని బైరాగి అరిచాడు. అరిచి, తన చేతులు తనే వెనక్కి కట్టుకున్నాడు.

గుంపంతా చెత్తను చూస్తూ పై మెట్టుమీద వరసగా కూర్చుంది. అంత కష్టమైన డ్యూటీ వాళ్ళెవరూ అంతకుముందు చేసి ఎరగరు.